కళ్లు పొడిబారడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కళ్లు పొడిబారాయంటున్నారు, మరి నాకు నీళ్లు కారుతున్నాయేం?

అందరూ ముందు అడిగేది ఇదే. కంట్లో నీళ్లు రెండు రకాలుగా ఊరతాయి. మనకు తెలియకుండా రోజంతా కొద్దికొద్దిగా ఊరుతూ కంటిని తడిగా ఉంచేవి ఒకటి. పొగ తగిలినా, నలుసు పడినా ఒక్కసారిగా పొంగేవి రెండోది. మొదటి తడి కంటి మీద నిలవకపోతే కార్నియా, అంటే నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర, ఆరిపోయి చురుక్కుమంటుంది. అక్కడి నరాలు మెదడుకు కబురు పంపుతాయి, మెదడు కన్నీటి గ్రంథిని తెరిపిస్తుంది, నీళ్లు బొటబొటా కారతాయి. ఆ నీళ్లలో కంటిని అంటిపెట్టుకునే గుణం తక్కువ. రెప్ప అంచు దాటి చెంప మీదికి జారిపోతాయి, కన్ను మళ్లీ ఆరుతుంది. చల్లగాలి తగిలినప్పుడు, బండి మీద వెళ్తున్నప్పుడు, స్క్రీన్ చూస్తున్నప్పుడు నీళ్లు కారడం పొడిబారడానికి గుర్తు కావడం చాలా మామూలు.

ఒక్క కంటికే ఎప్పుడూ కారుతుంటే మాత్రం దారి వేరు. కనుకొలకు దగ్గర నుంచి ముక్కులోకి నీరు దిగే నాళం పూడుకుందేమో చూపించుకోవాలి.

కంటి తడి అంటే నీరే కదా?

కాదు. ఈ ఒక్క సంగతి అర్థమైతే కిందున్న జవాబుల్లో సగం వాటంతటవే తెలిసిపోతాయి. కన్నీటి పొర మందం సుమారు 3 మైక్రాన్లు, వెంట్రుక కంటే ఎన్నో రెట్లు పలచన. అంత పలచటి పొర గాలికి ఆరిపోకుండా నిలవాలంటే మూడు సరుకులు కావాలి. అడుగున జిగురు ఉంటుంది. నీరు కంటికి అంటుకోవడం దాని వల్లే. ఆ పైన నీరు. అన్నిటికీ పైన నూనె, ఆవిరి కాకుండా వేసిన మూతలాంటిది.

ఈ నూనె రెప్పల అంచుల్లో వరసగా ఉండే మెబోమియన్ గ్రంథుల నుంచి వస్తుంది. 1666లో వీటిని వివరంగా వర్ణించిన జర్మన్ వైద్యుడు హైన్రిచ్ మెబోమ్ పేరు వీటికి నిలిచిపోయింది. ఒక్కో రెప్పలో పాతిక, ముప్పై దాకా ఉంటాయి. రెప్ప వేసిన ప్రతిసారీ వాటి మీద ఒత్తిడి పడి కాస్త నూనె బయటికి వస్తుంది.

కాబట్టి పొడిబారడం రెండు దారుల్లో రావచ్చు: నీరు తక్కువగా ఊరడం, లేదా ఊరిన నీరు త్వరగా ఆవిరైపోవడం. రెండోది, అంటే నూనె లోపం, ఎక్కువమందిలో కనిపిస్తుంది. రెండూ కలిసి ఉన్నవాళ్లూ తక్కువేం కాదు. చుక్కల మందు నెలల తరబడి వేస్తున్నా ఫలితం లేదని బాధపడేవాళ్లలో చాలామందికి అసలు లోటు నూనెది. మూత లేని గిన్నెలో ఎన్ని నీళ్లు పోసినా ఆవిరవుతూనే ఉంటాయి.

నాది ఏ రకమో ఇంట్లో తెలుసుకోగలనా?

ఖాయంగా చెప్పలేం గానీ కొన్ని ఆనవాళ్లు ఉన్నాయి. అద్దం ముందు నిలబడి కింది రెప్పను కాస్త కిందికి లాగి అంచు చూడండి. వెంట్రుకలకు వెనకగా చిన్న చిన్న చుక్కల్లాంటి రంధ్రాలు వరసగా ఉంటాయి. వాటి నోటి దగ్గర తెల్లటి ముద్ద గడ్డకట్టి ఉన్నా, అంచు ఎర్రబడి చిన్న నరాలు పాకినా, నురగలాంటిది కనిపించినా నూనె గ్రంథుల్లో తేడా ఉందనుకోవచ్చు. మాటిమాటికీ కంటికురుపులు లేచేవాళ్లకూ ఇదే అనుమానం.

చదువుతుండగా అక్షరాలు అలుక్కుపోయి, రెండు మూడుసార్లు రెప్ప వేయగానే మళ్లీ తేటపడితే కన్నీటి పొర నిలకడగా లేనట్టు. సాయంత్రానికి మంట పెరిగితే రోజంతా తడి ఆరుతూ వచ్చిందని అర్థం. కళ్లతో పాటు నోరు కూడా ఎండిపోయి, నీళ్లు తాగకుండా ముద్ద దిగకపోతే, కీళ్ల నొప్పులూ ఉంటే షోగ్రెన్ జబ్బు కోసం రక్తపరీక్షలు అవసరం. శరీరపు రోగనిరోధక వ్యవస్థే కన్నీటి, లాలాజల గ్రంథుల మీద దాడి చేసే జబ్బు ఇది. దీన్ని చుక్కల మందుతో సరిపెట్టకూడదు.

ఎలర్జీకీ దీనికీ తేడా ఏమిటి?

దురద ప్రధానమైతే ఎలర్జీ. ఇసుక పడ్డట్టు గరగర, మంట, బరువు ప్రధానమైతే పొడిబారడం. రెండూ ఒకేసారి ఉండొచ్చు. పైగా ఎలర్జీకి మింగే మాత్రల్లో చాలావాటికి కంటి తడిని తగ్గించే గుణం ఉంది.

కంప్యూటర్ ముందు కూర్చుంటేనే ఎందుకు మంట?

స్క్రీన్ వెలుగు కారణం అనుకుంటారు. అసలు దొంగ రెప్ప. మామూలుగా నిమిషానికి 15 నుంచి 20 సార్లు రెప్ప వేస్తాం. దృష్టి ఒకచోట పెట్టి చదువుతున్నప్పుడు అది మూడో వంతుకు పడిపోతుంది. అంతకంటే పెద్ద చిక్కు, వేసిన రెప్ప కూడా పూర్తిగా వాలదు. పై రెప్ప సగం దాకా దిగి వెనక్కి వెళ్లిపోతుంది, కంటి కింది భాగం తడవదు, నూనె గ్రంథుల మీద ఒత్తిడి పడదు. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే నూనె లోపలే గట్టిపడుతుంది.

కాబట్టి నీలి వెలుగును ఆపే కళ్లజోడు పొడి కళ్లకు మందు కాదు. డబ్బు పెట్టేముందు స్క్రీన్ ఎత్తు చూడండి. చూపు కాస్త కిందికి వాలేలా, స్క్రీన్ పై అంచు కళ్ల మట్టానికి గానీ అంతకంటే కిందకు గానీ ఉండాలి. పైకి చూసినప్పుడు కళ్లు వెడల్పుగా తెరుచుకుంటాయి, ఆరిపోయే మేర పెరుగుతుంది. స్క్రీన్‌కు దూరం 50 నుంచి 70 సెంటీమీటర్లు.

రెప్పల కసరత్తు ఇలా చేయండి: కళ్లు నెమ్మదిగా మూసి రెండు సెకన్లు ఆగండి. తెరవండి. మళ్లీ మూసి, ఈసారి రెండు సెకన్లు రెప్పలు కాస్త గట్టిగా బిగించండి. తెరవండి. ఇలా ఐదుసార్లు. పట్టేది అర నిమిషం. ప్రతి 20 నిమిషాలకోసారి చేస్తే మంచిది, గంటకోసారి చేసినా లాభమే. రెప్పలు బిగిస్తున్నప్పుడు కణతల దగ్గర చర్మం ముడత పడుతోందో లేదో వేలితో తాకి చూసుకోండి. ముడత పడకపోతే సరిగా బిగించడం లేదన్నమాట.

ఏసీ, ఫ్యాన్ మానేయాలా?

మానక్కర్లేదు. గాలి నేరుగా ముఖానికి తగలకుండా చూసుకుంటే చాలు. కారులో గాలి ద్వారాలను కాళ్ల వైపు తిప్పండి. గదిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే కళ్లకు హాయి. బయట గాలికి పక్కల మూసుకునే కళ్లజోడు బాగా పనిచేస్తుంది. గురకకు మాస్కు పెట్టుకుని పడుకునేవాళ్లు ముక్కు పక్కనుంచి గాలి కళ్లలోకి లీకవుతోందేమో చూసుకోవాలి. పొద్దున్నే కళ్లు ఎర్రబడడానికి ఇది చాలామందికి తట్టని కారణం.

వేడి కాపడం పెడుతున్నాను, ఫలితం లేదు. ఎందుకని?

దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే: వేడి సరిపోలేదు, లేదా నిలవలేదు. ఆరోగ్యంగా ఉన్న నూనె రెప్ప వేడికే పలచగా ఉంటుంది. గడ్డకట్టిన నూనె కరగాలంటే రెప్ప లోపలిదాకా 40 డిగ్రీల సెల్సియస్ దగ్గరి వేడి చేరాలి, కొన్ని నిమిషాలు ఆగాలి. వేడినీళ్లలో ముంచిన గుడ్డ రెండు నిమిషాల్లో చల్లారిపోతుంది. దాన్ని పది నిమిషాలు కళ్ల మీద అలాగే ఉంచితే చివరి ఎనిమిది నిమిషాలు చన్నీళ్ల గుడ్డ పెట్టినట్టే.

చేయాల్సిన పద్ధతి: 45 డిగ్రీల లోపు వేడినీళ్లు గిన్నెలో తీసుకోండి. మణికట్టు లోపలివైపు తగిలిస్తే వేడిగా, హాయిగా ఉండాలి, చురుక్కుమనకూడదు. రెండు శుభ్రమైన గుడ్డలు పెట్టుకుని ఒకటి కళ్ల మీద ఉండగా రెండోది నీళ్లలో ఉంచండి. రెండు నిమిషాలకోసారి మార్చండి. మొత్తం పది నిమిషాలు. నీళ్లు చల్లారుతుంటే వేడినీళ్లు కలపండి. వేడిచేసి పెట్టుకునే కంటి మాస్కు ఉంటే ఈ శ్రమ తప్పుతుంది, వేడి కూడా ఎక్కువసేపు నిలుస్తుంది. మైక్రోవేవ్‌లో పెట్టినప్పుడు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ వేడెక్కుతుంది. అందుకని నలిపి సర్ది, చేతికి తగిలించి చూశాకే కళ్ల మీద పెట్టుకోండి. కాపడం పెడుతున్నప్పుడు కంటిగుడ్డు మీద బరువు పడకూడదు, గుడ్డను అదమకూడదు. వేడెక్కిన కార్నియాను నొక్కినా, రుద్దినా దాని ఆకారం తాత్కాలికంగా మారి చూపు మసకబారుతుంది.

కాపడం తీసిన వెంటనే, నూనె మళ్లీ గట్టిపడకముందే మర్దన చేయాలి. చేతులు కడుక్కుని, కళ్లు మూసుకుని, చూపుడువేలితో పై రెప్పను పైనుంచి వెంట్రుకల వైపు కిందికి, కింది రెప్పను కిందినుంచి వెంట్రుకల వైపు పైకి మెల్లగా దువ్వినట్టు అనండి. ఒక్కో రెప్పకు ఐదు నుంచి పదిసార్లు. నూనె బయటికి వచ్చి కాసేపు చూపు మసకబారితే కంగారు పడక్కర్లేదు, పని జరిగిందన్నమాట.

మొదటి రెండు నుంచి నాలుగు వారాలు రోజుకు రెండుసార్లు, తర్వాత రోజుకోసారి. మూడు రోజులు చేసి మానేస్తే ఏమీ తెలియదు. కంటికి ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు, కన్ను వాచి పుసులు కారుతున్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా మర్దన చేయకూడదు.

రెప్ప అంచుల్ని దేనితో శుభ్రం చేయాలి?

వెంట్రుకల మొదళ్లలో పొక్కులు, చుండ్రులాంటి పొట్టు ఉంటేనే దీనికి విలువ. కాపడం, మర్దన అయ్యాక రెప్పల కోసమే తయారైన తడి తుడుపు వాడండి. అది లేకపోతే మరిగించి చల్లార్చిన నీటిలో ముంచిన దూదితో తుడవండి. కన్ను మూసుకుని వెంట్రుకల మొదట్లో అడ్డంగా తుడవాలి. రెండో కంటికి కొత్త దూది. సబ్బు వద్దు.

వెంట్రుక మొదట్లో గొట్టంలా చుట్టుకున్న పొట్టు కనిపిస్తే అది డెమోడెక్స్ అనే సూక్ష్మమైన పురుగు గుర్తు. దీనికి ప్రత్యేకమైన మందులున్నాయి. టీ ట్రీ నూనెను నేరుగా రెప్పలకు పూయకండి, కార్నియాను కాలుస్తుంది.

చుక్కల మందుల్లో ఏది ఎంచుకోవాలి?

కృత్రిమ కన్నీళ్లని అమ్మే వాటిలో కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, హైడ్రాక్సీప్రొపైల్ మిథైల్ సెల్యులోజ్, సోడియం హైయలురోనేట్, పాలీఇథిలీన్ గ్లైకాల్ లాంటివి ఉంటాయి. వీటిలో ఫలానాదే గొప్ప అని చెప్పడానికి లేదు, ఒకరికి కుదిరింది ఇంకొకరికి కుదరదు. చూడాల్సినవి మూడు.

ఒకటి, నిల్వ ఉంచే రసాయనం. చాలా సీసాల్లో బెంజాల్కోనియం క్లోరైడ్ ఉంటుంది. అది సబ్బులాంటి గుణం ఉన్న పదార్థం, సూక్ష్మజీవుల్ని చంపుతూనే కన్నీటి నూనె పొరను, కంటి పైపొర కణాలను కూడా దెబ్బతీస్తుంది. రోజుకు రెండుసార్లు వేసేవాళ్లకు పెద్దగా తేడా తెలియకపోవచ్చు. నాలుగుసార్లకు మించి వేసేవాళ్లు నిల్వ రసాయనం లేని రకానికి మారాలి. చుక్కలు వేసినకొద్దీ మంట పెరుగుతోందనేవాళ్లు మందు మార్చేముందు ఈ పేరు లేబుల్ మీద వెతకండి.

రెండు, చిక్కదనం. పలచటివి, ఉదాహరణకు 0.5 శాతం కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, పగలు పని చేసుకుంటూ వేసుకోవచ్చు. 1 శాతంవి, జెల్స్ ఎక్కువసేపు నిలుస్తాయి గానీ చూపు కాసేపు మసకగా ఉంటుంది. ఆయింట్‌మెంట్ రాత్రి పడుకునేముందు మాత్రమే.

మూడు, నూనె. లోటు నూనెదని అనిపిస్తే నూనె కలిసిన చుక్కలు, అంటే పాలలా తెల్లగా ఉండేవి ప్రయత్నించండి. ఏ మందునైనా రెండు నుంచి నాలుగు వారాలు వాడి చూశాకే మార్చండి.

చుక్క ఎలా వేసుకోవాలి? సగం చెంప మీదికి పోతోంది.

పోయేదే. కంటి మీద నిలిచే కన్నీరు మొత్తం సుమారు 7 మైక్రోలీటర్లు. సీసా నుంచి పడే ఒక్క చుక్క 30 నుంచి 50 మైక్రోలీటర్లు. రెండో చుక్క వేయడం దండగ.

తల వెనక్కి వాల్చండి. కింది రెప్పను వేలితో లాగి చిన్న సంచిలా చేయండి. పైకి చూస్తూ ఒక్క చుక్క ఆ సంచిలో వేయండి. సీసా మూతి కంటికి గానీ వెంట్రుకలకు గానీ తగలకూడదు. తర్వాత కన్ను మెల్లగా మూసుకుని ఒక నిమిషం ఆగండి. వెంటనే టపటపా రెప్పలు కొడితే మందు నాళంలోకి వెళ్లిపోతుంది. వేరే మందు కూడా ఉంటే మధ్య ఐదు నుంచి పది నిమిషాలు వ్యవధి ఇవ్వండి. ముందు పలచటిది, తర్వాత జెల్, ఆఖర్న ఆయింట్‌మెంట్. నొప్పి వచ్చాక వేసే మందు కాదిది. వేళ ప్రకారం వేస్తేనే తడి నిలుస్తుంది.

తెరిచిన సీసాను ఎన్నాళ్లు వాడొచ్చో దాని మీదే రాసి ఉంటుంది. చాలావాటికి నాలుగు వారాలు. తెరిచిన తేదీని పెన్నుతో సీసా మీద రాసుకోండి.

ఎరుపు తగ్గించే చుక్కలు వేస్తే కళ్లు తెల్లబడుతున్నాయి. వాడొచ్చా?

నాఫజోలిన్, టెట్రాహైడ్రోజోలిన్ ఉన్నవైతే వద్దు. అవి రక్తనాళాల్ని బిగపడతాయి, తడిని పెంచవు. వాడటం ఆపగానే నాళాలు మునుపటికంటే ఎక్కువ ఉబ్బుతాయి, మళ్లీ చుక్క వేయాల్సి వస్తుంది. ఈ చక్రంలో పడితే బయటపడటం కష్టం. స్టెరాయిడ్ చుక్కలను సొంతంగా వాడటం ఇంకా ప్రమాదం: కంటి ఒత్తిడి చప్పుడు లేకుండా పెరుగుతుంది, శుక్లం వస్తుంది.

మాటిమాటికీ చన్నీళ్లతో కడిగితే?

కాసేపు చల్లగా ఉంటుంది, ఉన్న నూనె కాస్తా కొట్టుకుపోతుంది. కుళాయి నీటిలో కన్నీటికి సరిపోయే ఉప్పూ ఉండదు. కాంటాక్ట్ లెన్స్ పెట్టుకునేవాళ్లు కళ్లలోకి, లెన్స్‌ల మీదికి కుళాయి నీళ్లు అసలే పోనివ్వకూడదు. అకాంతమీబా అనే జీవి కార్నియాను తినేస్తుంది, మానడానికి నెలలు పడుతుంది.

వేరే జబ్బులకు వాడే మందుల వల్ల పొడిబారతాయా?

బారతాయి. జలుబు, ఎలర్జీ మాత్రలు, కొన్ని డిప్రెషన్ మందులు, మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే బీపీ మందులు, మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్ వీటిలో ముఖ్యమైనవి. ఐసోట్రెటినాయిన్ నేరుగా నూనె గ్రంథుల మీదే దెబ్బ కొడుతుంది. ఏళ్ల తరబడి వేసే గ్లాకోమా (నీటికాసులు) చుక్కల్లోని నిల్వ రసాయనమూ ఒక కారణం. వీటిలో దేన్నీ మీ అంతట మీరు ఆపకండి. ఇచ్చిన డాక్టర్‌కు కళ్ల సంగతి చెబితే బదులు మందు దొరకవచ్చు.

లేసర్ ఆపరేషన్‌తో అద్దాలు వదిలించుకోవాలనుకుంటున్నాను. కళ్లు ఇప్పటికే పొడిగా ఉన్నాయి.

ముందు పొడిదనం సరిచేసుకోండి. లేసిక్‌లో కార్నియా నరాలు తెగుతాయి. తడి కావాలని కబురు పంపేవి అవే. అందువల్ల ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలు పొడిబారడం మామూలు, ముందే ఉన్నవాళ్లకు ఎక్కువ, కొందరికి నిలిచిపోతుంది కూడా. శుక్లం ఆపరేషన్‌కూ ఇదే మాట. పొడి కంటి మీద తీసిన కొలతలు తప్పి, లోపల పెట్టే లెన్స్ పవర్ తేడా రావచ్చు.

పొద్దున లేవగానే కళ్లు తెరవలేనంత మంట. పగలు బాగానే ఉంటుంది.

నిద్రలో రెప్పలు పూర్తిగా మూసుకోవడం లేదేమో. పడుకున్నాక ఇంట్లోవాళ్లను టార్చి వెలుగులో చూడమనండి, రెప్పల మధ్య తెల్లటి గీత కనిపిస్తే అదే కారణం. రాత్రి ఆయింట్‌మెంట్, అవసరమైతే తేమ నిలిపే కంటి మూత. రెప్ప అంచుల వాపు కూడా పొద్దున్నే ఎక్కువ బాధిస్తుంది.

చేపనూనె మాత్రలు మింగితే తగ్గుతుందా?

2018లో వెలువడిన డ్రీమ్ అధ్యయనంలో రోజుకు 3000 మిల్లీగ్రాముల ఒమేగా 3ను ఏడాది పాటు ఇచ్చి, ఆలివ్ నూనె మాత్రలతో పోల్చారు. రెండు గుంపుల్లోనూ బాధ కొంత తగ్గింది, వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇప్పటికే మింగుతూ హాయిగా ఉన్నవాళ్లను మానమనం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఆ డబ్బుతో మంచి కంటి మాస్కు కొనుక్కోవడం మేలు.

డాక్టర్ ఏ పరీక్షలు చేస్తారు?

పసుపు రంగు ఫ్లోరెసీన్ వేసి, నీలి వెలుగులో కన్నీటి పొర ఎన్ని సెకన్లకు చీలుతుందో లెక్కపెడతారు. పది సెకన్ల లోపే చీలితే తేడా ఉన్నట్టు. ఆ రంగే కంటి మీద ఆరిపోయి గీరుకుపోయిన చోట్లను కూడా చూపిస్తుంది. షిర్మర్ పరీక్షలో 5 మిల్లీమీటర్ల వెడల్పున్న కాగితం పట్టీని కింది రెప్పలో తగిలించి ఐదు నిమిషాలు ఉంచుతారు. 1903 నుంచీ ఉన్న పద్ధతి. మత్తు చుక్క వేయకుండా చేసినప్పుడు 5 మిల్లీమీటర్లు, అంతకంటే తక్కువ తడిస్తే నీరు బాగా తక్కువని అర్థం. రెప్పను నొక్కి నూనె ఎలా వస్తుందో కూడా చూడాలి. చూడకపోతే మీరే అడగండి. ఆ రోజు లెన్స్ పెట్టుకోకుండా, రెండు గంటల ముందు నుంచి కృత్రిమ కన్నీళ్లు వేయకుండా వెళ్లండి. గ్లాకోమా మందు మాత్రం మానకూడదు.

పరీక్షలు బాగున్నా బాధ విపరీతంగా ఉండొచ్చు, బాధ లేకపోయినా కన్ను బాగా ఆరిపోయి ఉండొచ్చు. మొదటి రకంలో ఒక్కోసారి నరాలే అతిగా స్పందిస్తుంటాయి. అది ఊహ కాదు, దానికి వైద్యం వేరు.

ఇంటి ఉపాయాలతో తగ్గకపోతే?

లోపలి వాపును తగ్గించే సైక్లోస్పోరిన్, లిఫిటెగ్రాస్ట్ చుక్కలు ఉన్నాయి. సైక్లోస్పోరిన్ మొదట్లో మండుతుంది, పూర్తి ఫలితానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. రెండో వారానికే పనిచేయలేదని ఆపేసేవాళ్లే ఎక్కువ. నూనె గ్రంథులకు డాక్సీసైక్లిన్ మాత్రలు ఇస్తారు, గర్భిణులకు, చిన్నపిల్లలకు ఇవ్వరు. నీరు తక్కువైన కళ్లలో కనుకొలకు రంధ్రాలకు చిన్న బిరడాలు పెట్టి ఉన్న తడిని నిలుపుతారు. వాపు ఉండగా పెడితే వాపు పుట్టించే పదార్థాలూ అక్కడే నిలిచిపోతాయి కాబట్టి ముందు వాపు తగ్గించాలి. బాగా ముదిరినప్పుడు మీ రక్తం నుంచి తీసిన సీరంతోనే చుక్కలు తయారుచేస్తారు.

ఏ లక్షణాలకు అదే రోజు వెళ్లాలి?

తీవ్రమైన నొప్పి, వెలుగు చూడలేకపోవడం, రెప్ప వేసినా తేటపడని మసక, చిక్కటి పుసి, నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ, కంట్లో రసాయనం గానీ లోహపు రజను గానీ పడటం. రసాయనం పడితే మాత్రం ముందు శుభ్రమైన నీళ్లతో కనీసం పదిహేను, ఇరవై నిమిషాలు ధారగా కడిగాకే బయల్దేరండి. లెన్స్ పెట్టుకునేవాళ్లకు కన్ను ఎర్రబడి నొప్పి వస్తే లెన్స్ తీసేసి, దాన్ని పారేయకుండా డబ్బాలో పెట్టి వెంట తీసుకెళ్లండి. పరీక్షకు పనికొస్తుంది.

పిల్లలకూ వస్తుందా?

వస్తుంది, వాళ్లు మంట అని చెప్పరు, రెప్పలు టపటపలాడిస్తారు, కళ్లు నులుముకుంటారు. చీకట్లో చూపు ఆనక తడుముకుంటున్నా, తెల్లగుడ్డు మీద నురగలాంటి మచ్చలు కనిపించినా విటమిన్ ఎ లోపం అయి ఉండొచ్చు. దానికి చుక్కలు కాదు, ఆలస్యం లేకుండా విటమిన్ ఎ ఇవ్వాలి. మోతాదు డాక్టరే నిర్ణయించాలి.

కాటుక, ఐలైనర్ పెట్టుకోవచ్చా?

వెంట్రుకలకు బయటివైపు అయితే ఫర్వాలేదు. లోపలి అంచున గీస్తే నూనె రంధ్రాల మీదే పూసినట్టు. రాత్రి తప్పకుండా తీసేయండి.